సభికుని బల్ల

జూదమును గూర్చి మనవారు వ్రాసినదెల్ల తఱచుగ జూదరిని గూర్చియే వ్రాసిరి. ధర్మరాజు తమ్ములను, తన్ను, తుదకు ద్రౌపదిని పణముగ నొడ్డి యోడిన కథయు, పుష్కరునితో నాడి రాజ్యమును గోల్పోయి కట్టుబట్టతో నడవి కేగిన నలుని కథయు పసిపిల్లలకు సైతము తెలిసినవే. ఋగ్వేదము దశమ మండలములోని అక్షసూక్తమునందును తాండ్రగింజల మోజునకు వశుడై యాలిని, తల్లిని దుఃఖపెట్టిన నిర్భాగ్యుడే మనకు గానవచ్చును. కాని యా పాచికలు దొర్లిన నేల యెవ్వరిది, ఆ సభకు గప్పు వేయించిన వా డెవ్వడు, గెలిచినవాడును ఓడినవాడును లేచిపోయిన పిమ్మట నచటనే మిగిలి లెక్క చూచుకొన్న వా డెవ్వడు అను ప్రశ్న మాత్రము కథలకు వెలుపలనే నిలిచిపోయినది. హస్తినాపురమున ద్యూతమునకై తోరణస్ఫాటికమను సభను నిర్మింపుమని యాజ్ఞ యిచ్చినవాడు ధృతరాష్ట్రు డని భారతము చెప్పుచునే యున్నది. ఐనను మన కోపమంతయు శకుని మీదను, మన జాలియంతయు ధర్మరాజు మీదను పోవుచున్నదే గాని సభ గట్టించినవాని మీదికి బోవుట లేదు.

శాస్త్రకారు లీ విషయమున కవులకంటె నిశితముగ జూచిరి. కౌటిల్యుని అర్థశాస్త్రమున ద్యూతాధ్యక్షు డను నధికారి కలడు. జూదమెల్ల నొక్కచోటనే జరుగవలయుననియు, వేఱొకచోట నాడినవానికి 12 పణముల దండమనియు, గెలిచిన ద్రవ్యమున నూటి కైదు వంతున రాజభాగముగ గైకొనవలయుననియు, పాచికలకును నేలకును నీటికిని వేఱుగ నద్దె పుచ్చుకొనవచ్చుననియు నందు విధింపబడినది. యాజ్ఞవల్క్యుడు జూదపుశాలను నడపువానిని సభికు డని పేర్కొని, పెద్ద పందెమున నూటి కైదును, చిన్న పందెమున నూటికి పదియు వానికి జెల్లుననియు, అందులకు బదులుగ రాజునకు భాగ మిచ్చుటయు గెలిచినవానికి ద్రవ్య మిప్పించుటయు వాని విధియనియు నిర్ణయించెను. మనువు మాత్రము ద్యూతమును, ప్రాణులతో నాడించు పందెమైన సమాహ్వయమును రాజ్యమున లేకుండ జేయుమనెను. ఒక్కచోట గూర్చి సుంకము దీయవలెనను మతమును, మొదలంట బెఱికివేయవలెనను మతమును నాటినుండి నేటివఱకు మన దేశమున నొకదానివెంట నొకటి వచ్చుచునే యున్నవి. ఉక్కునకు బేరుపొందిన జంషెడ్‌పూరున, అందును ముఖ్యముగ నచటి తెలుగువారి యెదుట, ఈ సభికు డేయే వేషముల గానవచ్చెనో చెప్పుటయే నా యుద్దేశము.

జంషెడ్‌పూరు ప్రాచీననగరము గాదు. 1904లో భూగర్భశాస్త్రజ్ఞుడు ప్రమథనాథ బోసు మయూరభంజ సంస్థానపు గుట్టలలోని యినుపఱాతిని గూర్చి టాటాలకు లేఖ వ్రాయుటయు, 1907లో టాటా ఇనుము ఉక్కు కంపెనీ యేర్పడుటయు, సువర్ణరేఖా ఖర్కాయి నదుల సంగమమునకు జేరువనున్న సాక్చి గ్రామము కర్మాగారమునకు దగిన చోటుగ నెన్నుకొనబడుటయు, 1912 ఫిబ్రవరి 16న దొలి యుక్కు పోత బయటికి వచ్చుటయు నంతయు నొక పదియేండ్లలోపలి మాట. 1919 జనవరి 2న రాజప్రతినిధి చెమ్స్‌ఫర్డు ప్రభువు జంషెడ్జీ టాటా పేర నా యూరికి నామకరణము చేసెను. కాళీమాటి యను రైలుస్టేషను టాటానగర్ అయ్యెను. తీరము వెంట నుత్తరమునకు బోవు రైలుమార్గమును, నాగపూరు నుండి కలకత్తాకు బోవు మార్గమును ఖరగ్‌పూరున గలిసికొనుటచే, గంజాము విశాఖపట్టణము జిల్లాల నుండి, అనగా నేటి శ్రీకాకుళము విజయనగరము ప్రాంతముల నుండి, కూలికై కొలువుకై బయలుదేరిన తెలుగువానికి రంగూను పోవు నోడకంటె కాళీమాటి పోవు బండి దగ్గఱయైనది. కొందఱు ఖరగ్‌పూరు రైలు వర్క్‌షాపులలోనే యాగిరి. కొందఱింకను బడమటికి సాగి కొలుముల కడకు జేరిరి. బిష్టుపూరులోని ఆంధ్రభక్త శ్రీరామ మందిరమును, కద్మాలోని ఆంధ్ర అసోసియేషనును ఆ రాకకు నిలిచిన గుర్తులు. బజారున హిందీయు, ఇరుగుపొరుగువారితో బంగ్లాయు, ఇంట శ్రీకాకుళపు యాసతోడి తెలుగును మాటలాడు కుటుంబములు తరతరములుగ నచట నున్నవి.

ఈ కర్మాగారమున నెనిమిది గంటల పనిదినము 1912లోనే, ఐరోపాలోని పెక్కు దేశములకంటె ముందుగ, అమలులోనికి వచ్చినది. అది గొప్ప సంస్కారము. దానిని దక్కువ చేయుట నా యభిమతము గాదు. ఐతే షిఫ్టుల వలన నూరిలో నేవేళ జూచినను పని ముగించుకొని వచ్చిన మగవారు కొందఱుందురు. పల్లెలో పంటకు బంటకు వచ్చు ధాన్యమునకు మాఱుగ నిచట నెలకొక్క దినమున జీత మంతయు రొక్కముగ జేతికి వచ్చును. దసరాకు ముందు బోనసు వచ్చును. తీఱికయు రొక్కమును గలిసిన చోటు నెవ్వరికంటెను ముందుగ గనిపెట్టువాడు సభికుడు.

వచ్చినవా రొట్టిచేతులతో రాలేదు; వారు చేరిన నేలయు నాటలు లేనిది గాదు. ఆ నేలపై మొదటినుండి యున్న హో, సంతాల్, భూమిజ జనులకు వారపు సంతయు, సంత చివర కోడిపందెమును నుండెను. మకరసంక్రాంతికి సువర్ణరేఖ యొడ్డున టుసు పండుగ జరుగును. అలంకరించిన ‘చౌడల్’ అను బొమ్మమేడల యూరేగింపులతోబాటు కోడిపందెముల బరులును వెలయును. గోదావరి జిల్లాలలో కోడిపుంజుల కాలికి గత్తులు గట్టి బరిలోనికి వదలు దినమును అదియే యగుట నాకు మిక్కిలి యాలోచింపదగినదిగ దోచుచున్నది. పంట యింటికి వచ్చిన యాపూట చేతి రొక్కము నడుగుటకు వచ్చువారు రెండుచోట్లను నొక్క పంచాంగమునే చూచుకొని వచ్చుచున్నారు.

వంగదేశము నుండి వచ్చినవారి వెనుక బిష్ణుపూరున్నది. మల్లరాజుల యేలుబడిలో నచట దశావతార పేకలు పుట్టినవి. బట్టపై చింతగింజల జిగురు పూసి, గుండ్రముగ గోసి, లక్క మెఱుగుతో జిత్రించిన 120 పేకలవి. పది యవతారములకు బది వరుసలు. ఒక్కొక్క వరుసయందు రాజు, మంత్రి, ఒకటి మొదలు పదివఱకు నంకెలు. ఇవి గంజీఫా యను పారసీకపు టాటకు మనదేశమున గలిగిన సంతతి. బాబరు 1527లో సింధుదేశపు షా హసనునకు గంజీఫా పేకలు పంపినట్లు తన స్వీయచరిత్రలో వ్రాసికొనెను. అక్బరు కాలపు పన్నెండు వరుసల పేకలను అబుల్ ఫజలు ఆయినీ అక్బరీలో వర్ణించెను. తెలుగునాట నిర్మలలోని నకాషీవా రీ పేకలను జిత్రించిరి. పర్లాకిమిడి ప్రాంతమున గంజప్ప యాట బహుకాలము నిలిచియుండెను. ఆ పర్లాకిమిడి పరిసరములే జంషెడ్‌పూరునకు బోయిన తెలుగువారిలో ననేకులకు బుట్టినిండ్లు. యంత్రముపై నచ్చైన చవుక విలాతి పేక వచ్చినంతనే చేతితో జిత్రించిన గుండ్రని పేక యటుకెక్కినది. ఆఠీను, ఇస్పేటు, డైమను, కళావరు అను నాలుగు రంగులు తెలుగుపల్లెలకు జేరుటకు నూఱేండ్లు పట్టలేదు. గురజాడ అప్పారావు కన్యాశుల్కమున, మధురవాణి యింట పోలిశెట్టి మొదలగువారు పేక పఱచుకొని కూర్చున్న ఘట్టమును జదివినవారికి, ఆ నాటకము, గురజాడ కాలము నాటికే యా ప్రాంతమున పేకాట యెంత యింటి సరకైయుండెనో విశదము చేయును. ఆటగాండ్రలో షావుకారు, సిద్ధాంతి యొక్క చాపమీద గూర్చుందురు. కులభేదమును గొంచెముసేపైనను మఱపించిన బల్ల యదియే.

ఇక నాలుగవ ప్రవాహము పశ్చిమమునుండి వచ్చినది. టాటా కర్మాగారమును గట్టించి నడపిన తొలితరపు నిపుణులలో ననేకు లమెరికనులు: చార్లెసు పేజి పెరిను, టట్‌వైలరు, పిదప జాన్ కీనన్. అమెరికనున కానాడు పోకరు స్వదేశక్రీడ. అది పందొమ్మిదవ శతాబ్ది తొలిపాదమున మిస్సిసిపీ నది మొగలోని న్యూ ఆర్లియన్సు ప్రాంతమున బుట్టి, మొదట నిరువది ముక్కలతో నలుగురి మధ్య సాగి, నదిమీది యావిరిపడవలపై నుత్తరమునకు బ్రాకి, తరువాత నేబదిరెండు ముక్కల యాటయైనది. దీని కాంగ్లదేశమున నొక జ్ఞాతి యుండెను. దాని పేరు బ్రాగు. మూడు ముక్కలు పంచుకొని, ముక్క లెట్టివైనను ధైర్యముగ బందెము పెంచి యెదుటివానిని బెదరించుటయే దాని జీవము. ఆంగ్లసైనికులతో మన దేశమునకు వచ్చినదని తలపబడుచున్న యా బ్రాగే ఉత్తరాదిని తీన్ పత్తీ, మనయందు మూడుముక్కలాట, క్లబ్బులలో ఫ్లష్షు. చూడక యాడినవాడు బ్లైండు, చూచినవాడు రెట్టింపు వేయవలెను, తుదకిద్దఱు మిగిలినప్పుడు షో. దీపావళి రాత్రి జంషెడ్‌పూరు క్వార్టర్లలో నైనను, సంక్రాంతి రాత్రి భీమవరము తోటలలో నైనను ఈ మాటలకు వ్యాఖ్యానము వలదు.

ఇచట నొక గణితవిశేషము చెప్పక ముందునకు బోజాలను. ఏబదిరెండు ముక్కలనుండి మూడేసి తీసిన నగు కూర్పులు మొత్తము 22,100. అందు మూడు నొకటే యంకెయైనవి 52, ఒకే రంగులో వరుసయైనవి 48, రంగు గలియని వరుసలు 720, వరుస గాని యొకేరంగు కూర్పులు 1,096, జతలు 3,744, ఏమియు గానివి 16,440. మూడుముక్కలాటలో మూడు రాజులు, మూడు ఆసులు మొదలైన వానికే యగ్రాసనము. కాని లెక్కప్రకార మొకేరంగు వరుస యంతకంటెను దుర్లభము. ఆట నెవ్వరో గణితజ్ఞుడు గూర్చొని కల్పింపలేదనియు, మూడు సమానముఖము లొక్కచో గూడిన సంబరమునకు జనులు పెద్దపీట వేసిరనియు దీనివలన దెలియును. అయిదు ముక్కల పోకరులో రంగు వరుసను గెలుచును; మూడు ముక్కలలో వరుస రంగును గెలుచును. ఇది యాచారము గాదు, లెక్కయే. ఇట్టి యంతరముల నెఱిగినవాడు సభికుడు; ఆటగాడు సాధారణముగ నెఱుగడు.

ఆటగాని యెఱుకకును సభికుని యెఱుకకును గల దూరము మిక్కిలి స్పష్టముగ గనబడుట సంతలోని హబ్బాడబ్బా బల్లకడ. జంషెడ్‌పూరు చుట్టుపట్ల గ్రామములలో, కోడిపందెపు బరికి బ్రక్కన, గుడ్డమీద నాఱు గడులు గీసి, వానియందు జెండా, కిరీటము లేక ముఖము, పేక నాలుగు రంగులు చిత్రించి, ఆ బొమ్మలే చెక్కిన పాచికలను డబ్బాలో గిలకరించి బోర్లించు నాట యిది. పదునెనిమిదవ శతాబ్దమున నాంగ్లనావికు లాడిన కిరీటము లంగరు ఆట దీనికి మూలము. మన గోదావరి జిల్లాల గుండాటయు నీ జాతిదే. మూడు పాచికలతో నాడినచో జూచువారికిది సమధర్మముగ దోచును: బొమ్మలాఱు, పాచికలు మూడు, కనుక సగముసార్లు నాబొమ్మ పడవలెనని కూలివాడు లెక్కించుకొనును, ఒక పాచికపై బడిన నొక రూపాయి, రెంటిపై బడిన రెండు, మూటిపై బడిన మూడు నిత్తురు గనుక నిది తనకే మేలని కూడ దలపోయును. నిజమున మూడు పాచికలు పడు విధములు 216. వానిలో 125 విధముల నతని బొమ్మ పడనే పడదు; 75 విధముల నొక్కసారియు, 15 విధముల రెండుసార్లును, ఒక్క విధమున మూడుసార్లును బడును. వచ్చునవి 108 రూపాయలు, పోవునవి 125. వ్యత్యాసము 17, అనగా నూటి కించుమించు ఎనిమిది. యాజ్ఞవల్క్యుడు చిన్న పందెములకు సభికున కనుగ్రహించిన పదింటికి నిది యెంతో దూరము గాదు. కాని యాజ్ఞవల్క్యుని సభికుడు తన భాగమును జెప్పి తీసికొనెను, ఈతడు బొమ్మలలో దాచి తీసికొనుచున్నాడు.

ఆ బల్లను బట్టుకొనుటకు వచ్చిన పోలీసువాని చేత నుండునది పాతచట్టము. 1867లో నాంగ్లప్రభుత్వము దేశమున గొన్ని రాష్ట్రములకు బహిరంగ ద్యూతచట్టమును జేసెను; ఆ యేటనే వంగరాష్ట్రము తనకు వేఱుగ నొకటి చేసికొనెను. సింగ్‌భూమి జిల్లా యప్పుడు వంగమున నుండెను. 1912లో బీహారు ఒరిస్సా రాష్ట్రములోనికి, 1936లో బీహారులోనికి, 2000 నవంబరు 15న ఝార్ఖండులోనికి బోయినను, ఆ చట్టము మాత్ర మిల్లు మాఱిన ప్రతిసారియు సామానుతోబాటు వెంట వచ్చినది. కేంద్రచట్టమున జూదగృహమునకు జెప్పిన లక్షణమును నేను శ్రద్ధతో జదువుమని కోరుచున్నాను: పేకలు, పాచికలు, బల్లలు ఉంచుకొని, ఆ యింటి యజమానునకో దానిని నడపువానికో లాభము గలుగునట్లు వాడబడు గృహము, గది, ప్రహరి గల చోటు. ఆ యింటివానికి 200 రూపాయలు లేక మూడు నెలలు. అందు దొరికిన యాటగానికి 100 రూపాయలు లేక నెల. దండమునందును సభికుడే ముందు. కేవల నైపుణ్యముతో నాడు నాటలకు ఈ చట్టము వర్తింపదని పన్నెండవ విభాగమున నొక చిన్న మినహాయింపు గలదు. తరువాతి చరిత్రమంతయు నా చిన్న మినహాయింపులోనుండి బయలుదేరినది.

తెలుగువానికి పేకాట యనగానే స్ఫురించునది పోకరు గాదు, మూడుముక్కలు గాదు. పదమూడు ముక్కల రమ్మీ. రెండు పేకలు, జోకర్లు. జోకరు లేని శుద్ధవరుస యొకటి తప్పక యుండవలె, రెండవ వరుసయు నుండవలె. కుదరనివాని చేతిలోని బొమ్మముక్కలకు బదేసి పాయింట్లు. పెండ్లి విడిదిలో, రైలుపెట్టెలో, సత్రపు టరుగుపై, కార్యము జరిగిన యింట రాత్రి జాగరణమున దీనిని జూడని తెలుగువాడు లేడు. కద్మా క్వార్టర్లకు బోయినవారును దీనిని దోడ్కొనియే పోయిరి. ఈ యాటయే మన న్యాయచరిత్రలో ముఖ్యమైన తీర్పున కెక్కినది. 1963 మే నెలలో సికింద్రాబాదులోని క్రీసెంట్ రిక్రియేషన్ క్లబ్బుపై పోలీసులు దాడిచేసి, రమ్మీ యాడుచున్నవారిని, క్లబ్బు నిర్వాహకులను, హైదరాబాదు ద్యూతచట్టము క్రింద బట్టుకొనిరి. వ్యాజ్యము సుప్రీంకోర్టువఱకు బోయినది. 1967 నవంబరు 22న న్యాయమూర్తి హిదయతుల్లా తీర్పు చెప్పెను.

ఆ తీర్పు సారము రెండు మాటలు. మొదటిది: రమ్మీలో పడిన ముక్కల జ్ఞాపక ముంచుకొనవలెను, ఏది నిలుపుకొని యేది విడువవలయునో యోచింపవలెను, కావున నది బ్రిడ్జివలె ప్రధానముగ నైపుణ్యక్రీడ, ఫ్లష్షు, బ్రాగు మొదలగు పేర్లతో నాడు మూడుముక్కలాట కేవలము దైవాధీనము. రెండవది: క్లబ్బువారు పేకలకును, కూర్చుండుటకును దీసికొను శుల్కము మితముగ నున్నంతవఱకు దోషము లేదు గాని, రమ్మీ నుండియైనను, పందెమునకాడు మఱి యేయాట నుండియైనను గృహస్వామి లాభమార్జించుచున్నాడని సాక్ష్యము దొరకినచో నేరము స్థాపింపబడవచ్చును. రెండును నొకే తీర్పులో, ఒకదానికొకటి చేరువనే యున్నవి. కాని తరువాతి యేబదియేండ్లలో మొదటి మాట క్లబ్బు గోడలపైకి, వకీళ్ల వాదములలోనికి, తుదకు దూరదర్శినీ ప్రకటనలలోనికి నెక్కినది. రెండవ మాట న్యాయగ్రంథపు బుటలలోనే పరుండిపోయినది. ఈ మఱపే నాకు మిక్కిలి బాధ గలిగించుచున్నది. ఎందుకనగా నైపుణ్యము ఆటగానిది, లాభము సభికునిది. ఒకని గుణమును జూపి వేఱొకని వర్తకమునకు లైసెన్సు వ్రాయించుకొనుట యెంతటి న్యాయము?

అంతలో బల్ల యింటినుండి లేచిపోయినది. 1994లో కరీబియను సముద్రములోని ఆంటిగ్వా దీవి ప్రభుత్వము కంప్యూటరు తంతులమీది జూదశాలలకు లైసెన్సు లిచ్చుటకు మార్గము దెఱచెను. 1998 జనవరిలో ప్లానెట్ పోకర్ అను సంస్థ నిజధనముతో నంతర్జాలమున బోకరాడించుట కారంభించెను. 2003లో టెన్నెసీకి జెందిన యొక లెక్కలగుమాస్తా, ఇంటిలో గూర్చొని చిన్న శుల్కము చెల్లించి యంతర్జాలమున నర్హత సంపాదించి, లాస్ వేగాసు ప్రపంచ పోటీలో 25 లక్షల డాలర్లు గెలిచెను. ఆతని వెంట లోకమంతయు గెలువగలమని బయలుదేరెను. మన దేశమున గోవా 1992లో నైదు నక్షత్రముల హోటళ్లలో యంత్రములకును, 1996లో నావలపై బల్లాటలకును చట్టము సవరించియుండెను. సిక్కిము 2008లో నంతర్జాల క్రీడలకై చట్టము చేసెను.

పోకరువంటి బల్లాటలలో నిప్పుడు మిక్కిలి ప్రసిద్ధమైన త్రీ కార్డ్ పోకరు కూడ నీ కాలపుదే. డెరెక్ వెబ్ అను నాంగ్లేయ పోకరాటగాడు 1994లో దీనిని గల్పించెను. అది బ్రాగునకే క్యాసినో వేషము; మన మూడుముక్కలాటకు దాయాది. కాని దాయాదులమధ్య నొక మౌలికభేదము గలదు. మన యింటిలో నాడు మూడుముక్కలాట యాటగానికి నాటగానికి నడుమ. ఒకని సొమ్ము వేఱొకనికి బోవును. పోకరు గదిలో నడపువాడు ప్రతి కుండనుండి కొంత తీసికొనును. త్రీ కార్డ్ పోకరులో నెదుట గూర్చుండునది సభికుడే: నీకు మూడు, ఆతనికి మూడు, నీవు నీ ముక్కలు చూచి మఱికొంత యొడ్డవచ్చును, లేక విడువవచ్చును, ఆతనికి రాణియైనను లేనిచో తొలిపందెమునకు సరిసమానముగ గెలుపు వచ్చి, తరువాత నొడ్డినది వెనుకకు వచ్చును. రాణి, ఆఱు, నాలుగు, లేక అంతకు మేలైన ముక్కలున్నచో నాడవలెను, లేనిచో విడువవలెను, నైపుణ్యమంతయు నింతే. దాని నెంత నిష్ఠగ బాటించినను తొలిపందెముమీద నూటికి మూడు రూపాయలకు బైగా సభికునివైపే యుండును. ఇచట బెదరించుటకు నెదుటివాని కనులు లేవు. చరిత్రలో బ్రాగునకు బ్రాణమైయుండిన ధైర్యమే యందుండి తొలగింపబడినది.

ఆ వెబ్బే తరువాతికాలమున నింగ్లండులో పందెపు దుకాణములలోని జూదయంత్రములకు వ్యతిరేకముగ తన ధనము వెచ్చించి యుద్యమించెను. ఆ యంత్రములపై నొక్కసారి యొడ్డదగు గరిష్ఠమొత్తము 2019లో 100 పౌండ్లనుండి 2 పౌండ్లకు దిగివచ్చెను. బల్ల మర్మ మెఱిగినవాడు బల్లపై హద్దు గోరుట గౌరవింపదగిన విషయము.

ఆ మీద లాట్వియా రాజధాని రీగా మొదలగు నగరములలో దీపకాంతుల నడుమ ముక్కలు పంచు యువతుల ప్రతిబింబములు లోకమంతటి చరవాణులలోనికి వచ్చినవి. మన లోనబయట, ఉత్తరాదివారి అందర్ బాహర్, ఒక ముక్క తిప్పి దాని జోడు లోపల బడునా వెలుపల బడునా యని పందెము గాయు నాట, చెట్టుక్రింది గోనెసంచిమీద నుండి నేరుగ నా వెలుగులోనికి బోయినది. మొదటి ముక్క పడు ప్రక్కకు నూటికి నేబదియొకటిన్నర పాలు అవకాశ మున్నదని యెఱిగి సభికుడు చెల్లింపులను దదనుగుణముగ సవరించుకొనెను. సాక్చి బజారులోని కుఱ్ఱవానికిని, శ్రీకాకుళమునందలి యాతని మేనబావకును నిప్పుడొక్కటే బల్ల; షిఫ్టు ముగియు వఱకైనను వేచియుండ బనిలేదు. సంతలో పాచికలు మరల డబ్బాలో వేయువఱకు నొక నిముషము పట్టును, పోలీసు వచ్చునను భయముండును, జేబు ఖాళీయైన నింటికి బోవలెను. తెరమీద నీ మూడడ్డులును లేవు. జేబు ఖాళీయైన నప్పిచ్చు వ్యాపారియు నదే తెరలో నున్నాడు.

అప్పులును, ఆత్మహత్యలును వార్తలకెక్కగా తెలుగుప్రభుత్వములే ముందుగ గదలినవి. తెలంగాణము 2017లో, ఆంధ్రప్రదేశము 2020లో తమ తమ ద్యూతచట్టములను సవరించి, నైపుణ్యమను మినహాయింపును దొలగించి, అంతర్జాలమున ధనమునకాడు రమ్మీని నిషేధించినవి. సికింద్రాబాదు క్లబ్బులో రమ్మీకి గౌరవము సంపాదించిన నేలమీదనే రమ్మీపై నిషేధము వచ్చుట విధివైపరీత్యమని కొందఱనిరి. నా కట్లు తోపదు. 1967 తీర్పులోని రెండవ మాట నర్ధశతాబ్దము తరువాత శాసనసభలు వినిపించుకొనినవి. ఝార్ఖండునకు మాత్రము గదియు ప్రహరియు వెదకు వంగచట్టమే వారసత్వముగ మిగిలినది. గోడలు లేని బల్లపై నది యేమి చేయగలదు?

కేంద్రము మొదట గౌటిల్యుని ద్రోవ పట్టెను: 2023 అక్టోబరు 1 నుండి పందెమున కొడ్డు పూర్తిమొత్తముపై నూటి కిరువదియెనిమిది వంతున జీఎస్టీ. రెండేండ్లు నిండకముందే మనువు ద్రోవకు మరలెను. 2025 ఆగస్టు 20న లోక్‌సభ, 21న రాజ్యసభ ఆమోదించి, 22న రాష్ట్రపతి సమ్మతి పొందిన చట్టము, నైపుణ్యమా దైవమా యను విచారణ లేకయే, అంతర్జాలమున ధనమొడ్డి యాడు నాటలన్నిటిని నిషేధించెను. ఆడించువానికి మూడేండ్లవఱకు జెఱ, కోటి రూపాయలవఱకు జరిమానా. ప్రకటించువానికి రెండేండ్లు, ఏబది లక్షలు. బ్యాంకు లా సొమ్మును దాటించుట నేరము. ఆడినవానికి శిక్ష లేదు. దండమంతయు సభికునిమీదనే నిలిచిన చట్టము మన చరిత్రలో నిదియే మొదటిదని నా తలపు, అందుచేతనే దానిని స్వాగతించుచున్నాను. ఐతే కురసావో మొదలగు దీవుల లైసెన్సులతో పరదేశమునుండి బల్ల నడపువానిని బట్టుటకు మన చెఱసాల చాలదు. పేరుపడిన స్వదేశపు కంపెనీలు ఆ వారముననే పందెపుటాటలను నిలిపినను, పేరులేని పరదేశపు బల్లలు తలుపులు మూసికొనలేదు.

ఈ చట్టమును బ్రశ్నించుచు వివిధ హైకోర్టులలో బడిన వ్యాజ్యములను 2025 సెప్టెంబరున సుప్రీంకోర్టు తనయొద్దకు దెప్పించుకొనెను. వాదులు హిదయతుల్లా తీర్పులోని మొదటి మాటను, రమ్మీకి నైపుణ్యము వలయునను దానిని, చూపుచున్నారు. ఇపుడు న్యాయస్థానము నిర్ణయింపవలసినది దాని తరువాతి మాటను గూర్చి: క్రీసెంట్ క్లబ్బు పేకలకును కుర్చీలకును దీసికొన్న చిల్లర శుల్కమునకును, తెరవెనుకనుండి కోట్లమంది చేతులలోని ప్రతి పందెమునుండి భాగముదీయు కంపెనీ లాభమునకును నొకే కొలత చెల్లునా యని.